‘తోడుని మింగిన పిల్ల’



పోయిన నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను రెండు రోజులు ఇంకో పని చేసుకోనివ్వలేదు. వ్రాసినామె తన పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు గనుక చెప్పను. పదమూడేళ్ళ క్రితం ఆమెకు నెల తప్పినప్పుడు మొదటి స్కానింగులో కవలలు అన్నారట. ఇంటిల్లిపాదికీ పండుగే. తన పెళ్ళిలో తిన్న జంట అరటిపండు ఇన్నాళ్ళకు కోడలి కడుపున పండిందని అత్తగారు వీధి వీధంతా చెప్పుకున్నారట. నాలుగు వారాలు గడిచాక మళ్ళీ స్కానింగు తీస్తే ఒక్క బిడ్డే కనిపించింది. "రెండోది కరిగిపోయిందమ్మా, ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకో" అని చెప్పి డాక్టరుగారు తరువాతి పేషెంటును పిలిచారు. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. ఆరోగ్యంగా పెరిగింది. ఇప్పుడు ఏడవ తరగతి.

ఇక అసలు సంగతి. పాప ఒక ముద్ద ఎక్కువ పెట్టించుకున్నప్పుడల్లా నాయనమ్మ నవ్వుతూ, "ఇది కడుపులోనే తోడుని మింగి పుట్టింది, దీనికి ఈ ముద్దలు ఒక లెక్కా" అంటారట. ఆ పోయినవాడు మగపిల్లవాడేనని ఆమె గట్టి నమ్మకం. ఎవరు చూశారు? అయినా ఆమె లెక్కలో వాడు మనవడే. మొన్న వేసవిలో ఎవరి ఫోనులోనో పాప ఒక వీడియో చూసింది. ఒకే శరీరంలో ఇద్దరు మనుష్యులుంటారని అందులో చెప్పారట. ఆ రాత్రి తల్లి పక్కలో పడుకుని, "అమ్మా, నేను తమ్ముణ్ణి తినేశానా? వాడు ఇంకా నా లోపల ఉన్నాడా?" అని అడిగింది. అప్పటినుండి కంచంలో సగం అన్నం వదిలేస్తోంది. "అక్కా, నాకు చదువు తక్కువ. దానికి ఏం చెప్పాలో మీరు వ్రాయండి" అని ఆ తల్లి ఉత్తరం ముగించారు.

అమ్మా, దీనికి చదువు తక్కువని నొచ్చుకోనక్కరలేదు. పాప అడిగిన రెండో ప్రశ్నకు చాలాకాలం పెద్ద చదువులు చదివినవారి దగ్గర కూడా సరైన జవాబు లేదు. మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చు: లేదు. ఎవరూ ఎవరినీ తినలేదు.

రెండో నెల చివరకు కడుపులో బిడ్డ ఎంత ఉంటుందనుకున్నారు? చిక్కుడు గింజంత. వేరువేరు అండాల నుండి వచ్చిన కవలలైతే ఎవరి ఉమ్మనీటి సంచి వారిదే, మధ్యలో పొరలు. ఒకరి గదిలోకి ఒకరు వెళ్ళే దారి లేదు. ఆ వయసులో ఒక బిడ్డ గుండె ఆగిపోతే, ఆ కొద్దిపాటి కండను తల్లి శరీరమూ, మాయా మెల్లగా తమలోకి పీల్చుకుంటాయి. అంటే డాక్టరుగారు ‘కరిగిపోయింది’ అన్నమాట సరైనదే, చెప్పిన తీరే కొంచెం తొందరపాటు. నెలలు ముదిరాక పోయిన బిడ్డ అయితే కాగితంలా పలచబడి, కాన్పులో మాయతోపాటు బయటకు వస్తుంది. ఇంత త్వరగా పోయే బిడ్డలలో చాలామందికి క్రోమోజోముల లెక్కలో మొదటినుండే తేడా ఉంటుంది. మీరు బరువు ఎత్తినందుకు కాదు, బస్సు ప్రయాణం చేసినందుకు కాదు, పక్కనున్న బిడ్డ ఆహారం లాగేసుకున్నందుకు అంతకన్నా కాదు. స్కానింగులు రాకముందు ఇలాంటి కవలలు వచ్చినట్టూ తెలిసేది కాదు, పోయినట్టూ తెలిసేది కాదు. ఇప్పుడు ఆరేడు వారాలకే తెర మీద చూస్తున్నాము గనుక తెలుస్తోంది. ఇది అరుదైన సంగతేమీ కాదు.

ఇప్పుడు రెండో ప్రశ్న. "వాడు ఇంకా నా లోపల ఉన్నాడా?" దీనికి నేను కొంచెం దూరం నుండి రావాలి.

నేను ల్యాబులో చేరిన కొత్తలో రక్తం గ్రూపు చూడటం తెల్లటి పింగాణీ పలక మీద చేసేవాళ్ళం. ఒక చుక్క రక్తం, దాని పక్కన ఒక చుక్క సీరం. నీలం రంగుది ‘ఏ’కి, పసుపుది ‘బి’కి. పుల్లతో కలిపి పలకను అటూ ఇటూ వంచితే రక్తం విరిగిన పాలలాగా రవ్వలు కట్టాలి, లేదా నున్నగా అలాగే ఉండిపోవాలి. ఏ సీరంలో రవ్వ కడితే ఆ గ్రూపు. రెండింటిలోనూ కట్టకపోతే ‘ఓ’. ఒకరోజు ఒక బాలింత రక్తం సగం రవ్వలు కట్టి సగం నున్నగా ఉండిపోయింది. నేను సరిగా కలపలేదనుకుని కడిగేసి మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. నా చేతిలోనే లోపం ఉందని ఏడుపు ముఖంతో మా డాక్టరమ్మగారి దగ్గరకు వెళితే, ఆమె పలక వంక చూసి, "ఈమెకు ఈ మధ్య ఎక్కడైనా రక్తం ఎక్కించారేమో కనుక్కో" అన్నారు. నిజమే. పది రోజుల క్రితం వేరే ఊళ్ళో ‘ఓ’ గ్రూపు రక్తం ఎక్కించారు. ఆమె సొంత రక్తం ‘ఏ’. రెండూ కలిసి తిరుగుతున్నాయి. ఎక్కించిన కణాలు మూడు నాలుగు నెలలలో అయిపోతాయి, తరువాత ఆమె రక్తం ఆమెదే.

1953లో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో సరిగ్గా ఇదే జరిగింది. రక్తదానానికి వచ్చిన పాతికేళ్ళ ఒక స్త్రీ రక్తం ‘ఏ’ సీరంలో కొంత రవ్వలు కట్టింది, కొంత కట్టలేదు. అక్కడి రక్తనిధిలో పనిచేసే ఐవర్ డన్స్‌ఫర్డ్ ఆ నమూనాను లండనులో రక్తపు గ్రూపులను పరిశోధించే రాబర్ట్ రేస్, రూత్ సాంగర్‌లకు పంపారు. వారు పరీక్షించి, ఇందులో ‘ఓ’ రక్తం, ‘ఏ’ రక్తం రెండూ ఉన్నాయి, ఆమెకు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా అని మా డాక్టరమ్మగారి ప్రశ్నే అడిగించారు. ఎప్పుడూ లేదని ఆమె చెప్పింది. అప్పుడు ఇంకో ప్రశ్న అడిగించారు. మీకు కవల ఎవరైనా ఉండేవారా? ఆమె ఆశ్చర్యపోయింది. ఉండేవాడు. ఆమెతో కలిసి పుట్టిన తమ్ముడు మూడు నెలల పసివాడుగా ఉన్నప్పుడే చనిపోయాడు.

పాతికేళ్ళ క్రితం పోయిన ఆ పసివాడి రక్తమే ఆమె ఒంట్లో తిరుగుతోంది. ఒక సీసాలో పోసి ఎక్కించిన రక్తం అయితే నెలల్లో అయిపోవాలి కదా? ఇది అయిపోలేదు. ఎందుకంటే కడుపులో ఉండగా కవలల మాయలు ఒకదానికొకటి అంటుకుని, వాటి రక్తనాళాలు కలిసిపోయాయి. ఆ దారిన వెళ్ళినవి మామూలు రక్తకణాలు మాత్రమే కాదు. రక్తాన్ని పుట్టించే మూలకణాలు కూడా వెళ్ళి ఆమె ఎముకల మూలుగలో నారు పోసినట్టు నాటుకున్నాయి. అవి బ్రతికినంతకాలం అతని రక్తం కొత్తగా ఊరుతూనే ఉంటుంది. రెండింటిలో ఆమె సొంతం ఏదో ఎలా తెలిసిందంటే, ఉమ్మి పరీక్ష వలన. చాలామందికి గ్రూపు గుర్తు ఉమ్మిలో కూడా కనిపిస్తుంది. ఆమె ఉమ్మిలో ‘ఏ’ జాడ లేదు. కాబట్టి ఆమె పుట్టుకతో ‘ఓ’, ‘ఏ’ రక్తం తమ్ముడిది.

ఈ సంగతి ఆ సంవత్సరమే జూలైలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఇలాంటి మనిషికి ‘కైమీరా’ అని పేరు పెట్టారు. అది గ్రీకుల పాత కథలలో సింహం తల, మేక నడుము, పాము తోక ఉన్న జంతువు పేరు. మన గుళ్ళ స్తంభాల మీద చెక్కిన యాళిలాంటిది. పేరు విని పాప భయపడితే తప్పు పాపది కాదు, పేరు పెట్టినవారిది. ఆ షెఫీల్డ్ స్త్రీకి తోకా లేదు, కొమ్మూ లేదు. రక్తదానానికి రాకపోతే ఆమెకే తెలిసేది కాదు.

పశువులు పెంచేవారికి ఒక మాట. ఆవు ఒక కోడెదూడను, ఒక పెయ్యను కవలలుగా ఈనితే ఆ పెయ్య తొంభై పాళ్ళు గొడ్డుపోతుంది. 1945లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో రే ఓవెన్ అనే ఆయన అటువంటి కవల దూడల రక్తం పరీక్షించి, రెండింటిలోనూ రెండు రకాల రక్తం కలిసి ఉందని మొదట కనిపెట్టారు. ఆ దూడల సంగతి నుండే, ఒకరి అవయవాన్ని ఇంకొకరి శరీరం ఎందుకు తోసివేస్తుంది, ఎప్పుడు తోసివేయదు అన్న పరిశోధన బయలుదేరింది. దానికి 1960లో పీటర్ మెడవార్, మెక్‌ఫార్లేన్ బర్నెట్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే దూడలకు జరిగేది మనుష్యులకు జరగదు. మగపిల్లవాడితో కలిసి పుట్టిన ఆడపిల్ల గొడ్డుపోతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఈ మాట మీద ఒక సంబంధం తప్పిపోవడం నేను కళ్ళారా చూశాను గనుక వ్రాస్తున్నాను.

షెఫీల్డ్ స్త్రీ ఒక్కతేనా? కాదు. 1996లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇంకా సున్నితమైన పద్ధతితో కవలల రక్తం పరీక్షించినప్పుడు నూటికి 8 జంటలలో, ముగ్గురేసి పుట్టిన పిల్లలలో నూటికి 21 మందిలో తోడబుట్టినవారి రక్తకణాలు కొద్దికొద్దిగా దొరికాయి. మన చుట్టూ కూడా ఉండే ఉంటారు. మన పింగాణీ పలకకు అంత చూపు లేదు.

ఇదంతా పుట్టిన కవలల సంగతి. ఇంకొక రకం ఉంది, అది చాలా అరుదు. రెండు అండాలు, రెండు వేరువేరు బీజాలతో కలిసి రెండు పిండాలవుతాయి. మామూలుగా అయితే వారు అక్కా చెల్లెళ్ళో, అన్నా చెల్లెళ్ళో అయి పుట్టాలి. కాని మొదటి కొద్ది రోజులలోనే, ఇంకా కన్నూ ముక్కూ గుండే ఏవీ లేని కణాల ముద్దలుగా ఉన్నప్పుడే, అవి రెండూ అంటుకుని ఒక్కటైపోతాయి. ఒక్క మనిషే పుడుతుంది. ఆ మనిషి రక్తం ఒక ముద్ద నుండి, గర్భకోశం ఇంకో ముద్ద నుండి వచ్చి ఉండవచ్చు. రెండు పిండిముద్దలను కలిపి ఒక చపాతీ వత్తితే ఇందులో ఎవరు ఎవరిని తిన్నారని అడగము కదా.

ఈ రకం వారికి సాధారణంగా ఏ బాధా ఉండదు. బాధ ల్యాబు కాగితం నుండి వస్తుంది. అమెరికాలోని బోస్టన్‌లో 52 సంవత్సరాల ఒక తల్లికి మూత్రపిండాలు పాడయ్యాయి. ముగ్గురు కొడుకులు తాము ఇస్తామంటే తాము ఇస్తామని పరీక్షలకు వచ్చారు. ఫలితం చూసి డాక్టర్లు నిర్ఘాంతపోయారు. ఇద్దరు కొడుకులు ఆమె కన్న బిడ్డలు కారని కాగితం చెబుతోంది! మార్గోట్ క్రుస్కాల్ అనే డాక్టరుగారు, ఆమె తోటివారు పట్టు విడవకుండా వెదికారు. రక్తంలో ఒకే రకం దొరికింది. థైరాయిడ్ గ్రంథిలాంటి ఇతర భాగాలలో చూస్తే రెండో రకం బయటపడింది. ఆ ఇద్దరు కొడుకులు ఆ రెండో రకం నుండి వచ్చారు. 2002లో వైద్యపత్రికలో ఈ వివరాలు అచ్చయ్యాయి. ఆమె రక్తాన్ని అడిగితే, ఆ ఇద్దరికీ ఆమె తల్లి కాదు, పెద్దమ్మో పిన్నో అవుతుంది. మన తెలుగువాళ్ళకు ఈ మాట అంత వింతగా తోచదు. తల్లి తోడబుట్టినవారిని కూడా అమ్మ అనే పిలుస్తున్నాము కదా.

బోస్టన్ తల్లికి జరిగింది ఆశ్చర్యం. అదే కాలంలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంకొక తల్లికి జరిగింది అన్యాయం. 2002లో, పిల్లల తండ్రి నుండి విడిపోయి, మూడో బిడ్డ కడుపులో ఉండగా ఆమె ప్రభుత్వ సహాయానికి దరఖాస్తు పెట్టుకుంది. పిల్లల తండ్రి ఎవరో నిర్ధారించడానికి అందరికీ డి.ఎన్.ఎ. పరీక్ష చేశారు. తండ్రి తండ్రే అని వచ్చింది. తల్లి మాత్రం తల్లి కాదని వచ్చింది. అధికారులు ఆమెను పిలిచి, ఈ పిల్లలు ఎవరివి, ఎక్కడనుండి తెచ్చావు అని నిలదీశారు. మోసం కేసు పెట్టారు. పిల్లలను తీసుకుపోతారేమోనని ఆమె రోజూ భయపడింది. కాన్పు చేసిన డాక్టరు సాక్ష్యం, ఆస్పత్రి రికార్డులు ఏవీ నిలవలేదు, ఎందుకంటే డి.ఎన్.ఎ. తప్పు చెప్పదని అందరి నమ్మకం. మూడో కాన్పు వచ్చినప్పుడు కోర్టు ఒక సాక్షిని ఆస్పత్రికి పంపింది. సాక్షి చూస్తుండగా బిడ్డ పుట్టింది, అక్కడికక్కడే తల్లికీ బిడ్డకూ రక్తం తీశారు. ఆ బిడ్డకు కూడా ఆమె తల్లి కాదని ఫలితం వచ్చింది.

సొలొమోను రాజు ముందు ఇద్దరు స్త్రీలు నిలబడిన కథ మన పిల్లలు సండే స్కూలులోనే నేర్చుకుంటారు. అక్కడ ఒక బిడ్డ కోసం ఇద్దరు వాదించారు. ఇక్కడ కన్నతల్లి ఒంటరిగా నిలబడింది, ఆమెతో వాదించింది ఒక కాగితం.

చివరకు ఆమె తరఫు వకీలుకు బోస్టన్ తల్లి సంగతి తెలిసింది. అప్పుడు పిల్లల డి.ఎన్.ఎ.ను అమ్మమ్మ డి.ఎన్.ఎ.తో పోల్చారు. సరిగ్గా మనవలకు ఉండవలసినట్టే ఉంది. తల్లి గర్భాశయ ద్వారం నుండి కణాలు తీసి చూస్తే, రక్తంలో లేని రెండో రకం అక్కడ ఉంది. కేసు కొట్టివేశారు. మగవారిలో కూడా ఇటువంటిది జరిగింది. 2015లో అదే వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన ఒక తండ్రి తన బిడ్డకు డి.ఎన్.ఎ. లెక్కలో బాబాయి వరుస అవుతున్నట్టు తేలింది.

ఈ మూడు సంగతులూ ఎందుకింత వివరంగా వ్రాశానంటే, మన దగ్గర కూడా పరీక్ష చేయించి చూద్దామనే మాట ఇళ్ళలో తేలికగా వస్తోంది. డి.ఎన్.ఎ. గుర్తింపు పద్ధతిని 1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ కనిపెడితే, మన హైదరాబాదు సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ గారి బృందం కొద్ది సంవత్సరాలలోనే దాన్ని స్వదేశీ పద్ధతిలో సాధించింది. ఎందరో నేరస్థులు పట్టుబడ్డారు, ఎందరో నిర్దోషులు బయటపడ్డారు. నేను ఆ శాస్త్రానికి విరోధిని కాను, నా అన్నం ల్యాబులోదే. కాని భార్యమీద అనుమానంతో పరీక్ష కోరడం వేరు. 1993లోనే సుప్రీంకోర్టు, భర్త అడిగాడు కదా అని రక్తపరీక్షకు ఊరికే ఆదేశించకూడదని తీర్పు ఇచ్చింది. వివాహబంధంలో పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డే అన్న పాత సాక్ష్య చట్టపు సూత్రం 2024 జూలైలో అమలుకు వచ్చిన కొత్త చట్టంలో కూడా ఉంది. గ్రూపు కుదరలేదని, ఫలితం కలవలేదని కోడలిని పుట్టింటికి పంపే ముందు, ముందుగా నమూనా మారిందేమో, వ్రాతలో పొరపాటేమో చూడాలి. చిక్కు అక్కడే ఉండవచ్చు. కైమీరా చివరి అనుమానం. అయినా అది కూడా ఉందని తెలిసి ఉండాలి.

డాక్టర్లు కావాలని తయారుచేసే కైమీరాలు కూడా ఉన్నారు, వారిని మీరు చూసే ఉంటారు. తలసీమియా, రక్త క్యాన్సరు ఉన్న పిల్లలకు అన్నదో అక్కదో మూలుగ ఎక్కిస్తారు. ముంబయి టాటా ఆస్పత్రిలో 1983లో, వేలూరు సి.ఎం.సి.లో 1986లో ఈ చికిత్స మొదలైంది. మన చిత్తూరు, నెల్లూరు వైపు నుండి ఎన్నో కుటుంబాలు వేలూరు వెళ్ళి వచ్చాయి. మూలుగ పట్టిన తరువాత ఆ బిడ్డ రక్తం అన్న రక్తమే, గ్రూపు కూడా మారిపోవచ్చు. వెంట్రుకలు, చర్మం తనవే. ఇచ్చినవారి కణాలు ఎంత శాతం నిలిచాయో చూసే పరీక్షకు ఆ ఆస్పత్రులలో ‘కైమెరిజం టెస్టు’ అనే పేరు. ఆ కాగితంలో నూటికి నూరు అని వస్తే తల్లులు మిఠాయిలు పంచుతారు.

ఇప్పుడు, అమ్మా, మీ ఇంటికి వస్తాను. పాప లోపల ఆ కవల ఉన్నాడా? అంత తొలి వారాలలో పోయిన బిడ్డ కణాలు కొన్ని ఆమెలో చేరి ఉండటం అసంభవం కాదు. చేరాయనడానికి మాత్రం ఏ గుర్తూ లేదు. రక్తం గ్రూపు పరీక్షలో చిక్కు రాలేదంటున్నారు గనుక, వెదకవలసిన అవసరమూ లేదు. అయితే ఆ బిడ్డ కణాలు ఎవరిలోనైనా మిగిలి ఉంటే, పాపలో కంటే మీలో ఉండే అవకాశమే ఎక్కువని నేను అనుకుంటున్నాను.

ఇది విని మీరు కూర్చుండిపోతారేమో. కాని ఇది నిలిచిన శాస్త్రమే. కడుపులోని బిడ్డ కణాలు మాయను దాటి తల్లి రక్తంలోకి వస్తాయని 1893లోనే జర్మనీలో గియోర్గ్ ష్మోర్ల్ అనే డాక్టరు అనుమానించారు. గుర్రపువాతంతో చనిపోయిన గర్భిణుల ఊపిరితిత్తులలో ఆయనకు మాయ కణాలు కనిపించాయి. కాన్పు అయిన కొద్దిరోజులకు అవి పోతాయనే చాలాకాలం అనుకున్నారు. 1996లో డయానా బియాంకీ బృందం, మగబిడ్డను కని 27 సంవత్సరాలు గడిచిన తల్లి రక్తంలో కూడా ఆ మగకణాలు ఇంకా ఉన్నాయని చూపించింది. 2012లో సియాటిల్ పరిశోధకులు చనిపోయిన 59 మంది స్త్రీల మెదళ్ళు పరీక్షించారు. నూటికి 63 మందిలో మగ డి.ఎన్.ఎ. దొరికింది. వారిలో ఒకామె 94 ఏళ్ళు బ్రతికిన పెద్దావిడ. చాలావరకు అవి వారు మోసిన కొడుకులవే అయి ఉండాలి. కూతుళ్ళవీ ఉంటాయి, కాకపోతే ఆడకణాన్ని ఆడకణాల మధ్య గుర్తుపట్టడం కష్టం. నిలవని కాన్పుల నుండి కూడా ఈ కణాలు తల్లిలోకి చేరతాయి. ఎదురు ప్రయాణం కూడా ఉంది, తల్లి కణాలు బిడ్డలో పెద్దయ్యేదాకా ఉంటాయి. అంటే మీ పాప లోపల ఎవరైనా ఉంటే, అందరికంటే ముందు మీరు ఉన్నారు.

ఈ కణాలు మేలు చేస్తాయా, కీడు చేస్తాయా అన్నది ఇంకా తేలలేదు. చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా జబ్బులో వీటి పాత్ర ఉందేమోనని 1998లో ఒక పరిశోధన వచ్చింది. గాయాలు మానడంలో సహాయపడతాయేమోనని ఇంకొందరంటారు. ఒకటి మాత్రం మనసులో ఉంచుకోండి. నాలుగు కణాలు ఉన్నంతమాత్రాన ఆ బిడ్డ మీలో బ్రతికి ఉన్నట్టు కాదు. దుఃఖంలో ఉన్న తల్లులకు అలా చెప్పేవారున్నారు, నేను చెప్పలేను. మీకు ఒక బిడ్డ పోయింది. పదమూడేళ్ళుగా మిమ్మల్ని ఎవరూ ఆ మాట అననివ్వలేదు, పక్కన ఆరోగ్యంగా ఒక పాప ఉంది కదా అని. మీరు ఉత్తరంలో ఆ స్కానింగు తేదీని రోజుతో సహా వ్రాశారు. నేను గమనించాను.

కడుపుతో ఉన్న చెల్లెళ్ళకు చిన్న హెచ్చరిక. ఇప్పుడు తల్లి చేతి రక్తంలోనుండే బిడ్డ క్రోమోజోములు చూసే పరీక్ష మన పట్టణాలలో కూడా దొరుకుతోంది. మొదట కవలలని చెప్పి తరువాత ఒకరే మిగిలితే, ఆ సంగతి పరీక్షకు ముందే చెప్పండి. కరిగిపోయిన బిడ్డ డి.ఎన్.ఎ. కొన్ని వారాలు మీ రక్తంలో తిరుగుతూ ఫలితాన్ని తికమక చేస్తుంది, బ్రతికున్న బిడ్డకు లేని జబ్బు ఉన్నట్టు చూపించవచ్చు. ఆ పరీక్షతో ఆడో మగో చెప్పమని అడగడం మన దేశంలో 1994 చట్టం ప్రకారం నేరం. అడగవద్దు.

పాపకు ఏం చెప్పాలంటే, ఇంత కథ అక్కరలేదు. చిక్కుడు గింజ ఒకటి చేతిలో పెట్టి, అప్పుడు నువ్వు ఇంత ఉన్నావు, నీ పక్క గదిలో ఇంకొకరు ఇంతే ఉన్నారు, వారి గుండె ఆగిపోయింది, నువ్వు ఏమీ చేయలేదు, అమ్మ ఏమీ చేయలేదు, అని చెప్పండి. తమ్ముడో చెల్లో ఎవరికీ తెలియదని కూడా చెప్పండి. అడిగితే షెఫీల్డ్ స్త్రీ కథ చెప్పండి, అది నిజం కథ, పిల్లలకు నచ్చుతుంది. కంచం దగ్గర మాత్రం ఈ మాట ఎత్తవద్దు. రెండు వారాలలో తిండి మామూలు కాకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.

నాయనమ్మగారిని కసురుకోవద్దు. ఆమె కాలంలో స్కానింగు లేదు, పోయిన బిడ్డల లెక్క ఉయ్యాలలు చెప్పేవి. ఆమెకు కూడా ఒక మనవడు పోయాడు, నవ్వులాటగా తప్ప ఆ మాట చెప్పుకోవడం ఆమెకు చేతకావడం లేదేమో. ఈ పేజీ ఆమెకు చదివి వినిపించండి. నలభై ఏళ్ళ క్రితం మోసి కన్న ఆమె కొడుకు కణాలు ఆమె రక్తంలో ఇంకా ఉండవచ్చన్న సంగతి దగ్గర కొంచెం ఆగి చదవండి.

పాప తానే నాకు ఉత్తరం వ్రాస్తానంటే వ్రాయనివ్వండి. పత్రిక చిరునామాకు పంపితే నాకు చేరుతుంది. వచ్చే నెల, చాలామంది అడిగినట్టు, తలసీమియా ఉన్న కుటుంబాలలో పెళ్ళికి ముందు చేయించుకోవలసిన రక్తపరీక్ష గురించి వ్రాస్తాను.